మంచులో తెరపి, మన సముద్రం అడుగున చలి

*ధ్రువ సముద్రాలు గడ్డకట్టే కాలంలో మంచు నడుమ తెరుచుకునే నీటి మైదానాలు పాలీనియాలు. విశాఖ తీరానికి అవి వేల కిలోమీటర్ల దూరం. అయినా బంగాళాఖాతం అడుగున ఉన్న చల్లని నీటిలో, ఉక్కు కర్మాగారంలో గట్టిపడే లోహంలో, షాద్‌నగర్‌కు చేరే ఉపగ్రహ సమాచారంలో వాటి ఆనవాళ్లు కనిపిస్తాయి.*

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి బయలుదేరిన పడవ కింద ఉన్న నీరు ఏడాదిలో చాలా భాగం 27 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. ఆ నీటిలోకి ఉష్ణమాపకాన్ని దించుతూ పోతే వంద మీటర్ల లోపే వేడి తగ్గడం మొదలవుతుంది. కిలోమీటరు లోతుకు చేరేసరికి ఆరేడు డిగ్రీలు మిగులుతుంది. బంగాళాఖాతం దక్షిణ భాగంలో, మూడున్నర కిలోమీటర్లకు దిగువన, అది రెండు డిగ్రీల లోపుకి పడిపోతుంది.

ఈ చలి ఎక్కడిది? బంగాళాఖాతం మీద మంచు కురవదు. నీటిని అంతగా చల్లార్చే శీతాకాలం ఇక్కడ లేదు. గోదావరి, మహానది, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చే మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి పైపైనే పరుచుకుంటుంది. అంటే అడుగున ఉన్న ఆ చల్లని నీరు ఇక్కడ పుట్టింది కాదు, బయటి నుంచి వచ్చింది. దాని పుట్టిల్లు అంటార్కిటికా తీరం. అక్కడ కిందికి జారిన బరువైన నీరు దక్షిణ మహాసముద్రపు అడుగున ఉత్తరానికి కదిలి, దారిలో ఇతర నీళ్లతో కలుస్తూ, నైంటీ ఈస్ట్ రిడ్జ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణిలోని పల్లాలను దాటి మన ఖాతంలోకి చేరుతుంది. ఈ ప్రయాణానికి వందల ఏళ్లు పడుతుంది.

ఆ నీటిని తయారుచేసేవి అంటార్కిటికా సముద్రపు మంచులోని ఖాళీలు. మైళ్ల కొద్దీ పరుచుకున్న తెల్లని మంచు మధ్య, చలి ముదిరిన రోజుల్లో కూడా గడ్డకట్టకుండా నల్లగా మెరిసే నీటి మైదానాలవి. రష్యన్ నుంచి వచ్చిన పాలీనియా అనే పేరునే ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు వాడుతున్నారు. కొన్ని మన మండలమంత ఉంటాయి. కొన్ని రాష్ట్రమంత పెరుగుతాయి.

గాలి తెరిచేవి, వేడి తెరిచేవి

సముద్రపు నీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అంటార్కిటికా శీతాకాలంలో గాలి మైనస్ 20, మైనస్ 30 డిగ్రీలకు దిగుతుంది. అలాంటప్పుడు నీరు తెరిచి ఉండటానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది గాలి. ఖండం నడిబొడ్డున మంచు పీఠభూమి మీద చల్లబడి బరువెక్కిన గాలి, వాలు వెంట తీరానికి దూసుకొస్తుంది. తీరంలో అప్పుడే కట్టిన లేత మంచును సముద్రం లోపలికి నెట్టేస్తుంది. ఖాళీ అయిన చోట నీరు మళ్లీ గడ్డకడుతుంది, గాలి మళ్లీ తోసేస్తుంది. శీతాకాలమంతా ఇదే వరస. చూడటానికి మంచు లేని చోటులా కనిపించే ఈ తీరపు పాలీనియాలే నిజానికి మంచు అత్యధికంగా తయారయ్యే చోట్లు.

రెండోది కింది నుంచి వచ్చే వేడి. ధ్రువ సముద్రాల్లో పైన చల్లని, తక్కువ ఉప్పున్న నీటి పొర ఉంటుంది. దాని కింద కాస్త వెచ్చని, ఎక్కువ ఉప్పున్న నీరు ఉంటుంది. ఏ కారణం వల్లనైనా ఆ కింది నీరు పైకి ఉబికితే మంచు కరిగిపోతుంది, కొత్త మంచు కట్టదు. తీరానికి చాలా దూరంగా నడి సముద్రంలో తెరుచుకునేవి ఎక్కువగా ఈ రకానివి.

మంచు సముద్రానికి దుప్పటి లాంటిది. అది కప్పి ఉన్నంత కాలం నీటిలోని వేడి గాలిలోకి పోవడం కష్టం. దుప్పటి తొలగిన చోట, శీతాకాలంలో ప్రతి చదరపు మీటరు నుంచి వందల వాట్ల వేడి ఆకాశంలోకి పోతుంది. నీటి ఆవిరి మేఘాలై లేస్తుంది. వేసవిలో ఇందుకు వ్యతిరేకమైన పని జరుగుతుంది. పొడిమంచు కప్పిన మంచుగడ్డ తన మీద పడిన ఎండలో 80 శాతం పైగా వెనక్కి పంపితే, తెరిచిన నీరు 90 శాతానికి మించి తనలో దాచుకుంటుంది. అందుకే ఒక్క పాలీనియా తెరుచుకుంటే దాని చుట్టూ వాతావరణం, కింద సముద్రం రెండూ మారిపోతాయి.

ఉక్కు గట్టిపడినా, సముద్రం గడ్డకట్టినా

మంచు తయారైతే బరువైన నీరు ఎలా పుడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు విశాఖ ఉక్కు కర్మాగారంలోని కాస్టింగ్ విభాగంలో పనిచేసిన వారికి ముందే తెలుసు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఉక్కును కంటిన్యూయస్ కాస్టింగ్ పద్ధతిలో పోతపోస్తారు. 1,500 డిగ్రీలకు పైగా వేడితో ఉన్న ఉక్కు, నీటితో చల్లబరిచే రాగి అచ్చులోకి దిగుతుంది. ముందు బయటి అంచు గట్టిపడుతుంది, తర్వాత లోపలికి ఘనీభవనం సాగుతుంది. గట్టిపడే స్ఫటికాలు తమలో ఇమడని కార్బన్, గంధకం, భాస్వరం వంటి వాటిని ఇంకా ద్రవంగా ఉన్న భాగంలోకి నెట్టేస్తాయి. చివరకు అవి దిమ్మె నడిమధ్యలో పోగుపడతాయి. కార్మికులు, ఇంజినీర్లు దీన్ని సెగ్రిగేషన్ అంటారు. అది హద్దు మీరితే ఆ దిమ్మె నుంచి సాగదీసిన కడ్డీ బలహీనపడుతుంది కాబట్టి, దాన్ని అదుపులో పెట్టడం కాస్టింగ్ విద్యలో పెద్ద భాగం.

సముద్రంలో జరిగేదీ అదే. మంచు స్ఫటికంలో ఉప్పుకు చోటు లేదు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, కొత్తగా కట్టిన మంచులో అందులో కొంత భాగమే చిక్కుకుంటుంది. మిగిలిన ఉప్పంతా చిక్కని ద్రావణమై మంచులోని సన్నని కాలువల గుండా కిందికి కారుతుంది. ఉప్పు ఎక్కువైన నీరు, పైగా గడ్డకట్టే చలిలో ఉన్న నీరు, చుట్టూ ఉన్న నీటి కన్నా బరువుగా ఉంటుంది. అది మునిగిపోతుంది.

ఈ పోలిక మాటవరసకు చెప్పింది కాదు. సగం ఘనం, సగం ద్రవంగా ఉండే పొరల ప్రవర్తనను లెక్కగట్టే సమీకరణాలు ముందు లోహాల పోత కోసం రూపుదిద్దుకున్నాయి. లోహ దిమ్మెల్లో చిక్కటి ద్రవం కాలువలు కట్టి ప్రవహించడం వల్ల ఏర్పడే మచ్చల లోపం మీద జరిగిన పరిశోధన, సముద్రపు మంచులో ఉప్పు కాలువలు ఎలా ఏర్పడతాయో అర్థం చేసుకోవడానికి పనికొచ్చింది. నేడు సముద్రపు మంచును లెక్కించే నమూనాల్లో ఈ సిద్ధాంతానికి స్థిరమైన చోటుంది.

మామూలు మంచు కింద ఈ ఉప్పు కారడం నెమ్మదిగా సాగుతుంది, ఎందుకంటే మంచు మందమయ్యే కొద్దీ కొత్త మంచు కట్టడం తగ్గుతుంది. తీరపు పాలీనియాలో గాలి ఎప్పటికప్పుడు మంచును తోసేస్తుంది కాబట్టి గడ్డకట్టడం ఆగదు. ఒకే చోట నెలల తరబడి ఉప్పు కిందికి దిగుతుంది. అలా బరువెక్కిన నీరు ఖండపు తీరపు మెట్ట మీద నిండి, అంచు దాటి, వాలు వెంట అగాధంలోకి జారుతుంది. ప్రపంచ మహాసముద్రాల నీటిలో మూడో వంతుకు పైగా ఇలా అంటార్కిటికాలో పుట్టిన అడుగు నీటి ప్రభావంలో ఉందని అంచనా. ఉపరితలం నుంచి ప్రాణవాయువును అగాధానికి చేర్చేది కూడా ఈ నీరే.

పెనుగాలుల తీరాలు

ఈ పనికి పేరుపడ్డ చోట్లలో ఒకటి తూర్పు అంటార్కిటికాలోని ఆడెలీ లాండ్ తీరం. 1911-14 మధ్య ఆస్ట్రేలియా అన్వేషకుడు డగ్లస్ మాసన్ అక్కడి కామన్వెల్త్ బే దగ్గర గుడిసెలు వేసుకున్నాడు. ఏడాది పొడవునా తుపాను వేగంతో వీచే గాలుల్లో మనుషులు ముందుకు వంగి నడవడం నేర్చుకోవలసి వచ్చింది. ఆ గాలులు తమ ముందున్న సముద్రంలో ఏం చేస్తున్నాయో అప్పట్లో ఎవరికీ తెలియదు. దగ్గరలోని మెర్ట్జ్ హిమానీనదపు నాలుక సముద్రంలోకి పొడుచుకొచ్చి, తూర్పు నుంచి కొట్టుకొచ్చే మంచును అడ్డుకునేది. దాని చాటున పడమటి వైపు పాలీనియా తెరుచుకునేది. హిందూ మహాసముద్రానికి తూర్పు నుంచి చేరే అడుగు నీటికి ఈ తీరం, ఇంకా తూర్పున ఉన్న రాస్ సముద్రం ముఖ్యమైన వనరులు.

2010 ఫిబ్రవరిలో బీ09బీ అనే పెద్ద మంచుకొండ వచ్చి ఆ నాలుకను ఢీకొంది. సుమారు 78 కిలోమీటర్ల పొడవైన ముక్క విరిగిపోయింది. అడ్డుగోడ పోవడంతో మంచు లోపలికి చొరబడింది, పాలీనియా కుంచించుకుపోయింది, అక్కడ తయారయ్యే బరువైన నీరు తగ్గింది. ఒక్క మంచుకొండ దారి తప్పితే అగాధ జలాల ఉత్పత్తి ఎలా మారుతుందో శాస్త్రలోకం కళ్లారా చూసిన సందర్భమది.

రాస్ సముద్రం పడమటి అంచున టెరా నోవా బే ఉంది. 1912లో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ దండులోని ఆరుగురు, విక్టర్ కాంప్‌బెల్ నాయకత్వంలో, అక్కడ చిక్కుకుపోయారు. వారిని తీసుకెళ్లవలసిన ఓడ మంచును దాటి రాలేకపోయింది. ఇన్ఎక్స్‌ప్రెసిబుల్ దీవిలో మంచులో గుహ తవ్వుకొని, సీల్ మాంసం తిని, శీతాకాలం గడిపి బయటపడ్డారు. వారిని గుహ దాటనివ్వని ఆ గాలులే ఎదురుగా ఉన్న సముద్రాన్ని ఏటా తెరిచి ఉంచుతాయి.

మూడో చోటు మనకు ఇంకా దగ్గరిది. 2012 మార్చిలో ప్రారంభమైన భారత పరిశోధన కేంద్రం భారతి, ప్రిడ్జ్ బే తీరంలోని లార్స్‌మన్ కొండల్లో ఉంది. అక్కడి నుంచి పడమటికి కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో కేప్ డార్న్‌లీ వస్తుంది. దాని ముందు తెరుచుకునే పాలీనియాలో మంచు ఉత్పత్తి అపారమని ఉపగ్రహాలు చెప్పేవి. జపాన్ శాస్త్రవేత్తలు సముద్రపు అడుగున పరికరాలు అమర్చి చూసి, అక్కడ కూడా అగాధ జలాలు పుడుతున్నాయని 2013లో ప్రకటించారు. అప్పటిదాకా వెడ్డెల్ సముద్రం, రాస్ సముద్రం, ఆడెలీ తీరం అని మూడు వనరుల పేర్లే చెప్పేవారు. ఇది నాలుగోది. ఈ ఆధారాల సేకరణలో తలకు పరికరాలు తగిలించుకొని ఈదిన ఎలిఫెంట్ సీళ్లకూ పాలుంది. ఓడలు వెళ్లలేని కాలంలో, వెళ్లలేని చోటికి అవి వెళ్లగలవు.

ఒక భ్రమ, ఒక ఓడ, ఆంధ్ర విశ్వవిద్యాలయం

పాలీనియాల చరిత్రలో ఒక దారి ఉత్తర ధ్రువం నుంచి నేరుగా విశాఖకు వస్తుంది.

1854లో అమెరికా అన్వేషకుడు ఎలిషా కేన్ బృందంలోని విలియం మోర్టన్, గ్రీన్‌లాండ్ వాసి హన్స్ హెండ్రిక్ కలిసి గ్రీన్‌లాండ్ వాయవ్య తీరం వెంట ఉత్తరానికి వెళ్లారు. గడ్డకట్టిన జలసంధి చివర వారికి అలలు కొడుతున్న నీరు కనిపించింది. అది ధ్రువం చుట్టూ మంచులేని సముద్రం ఉందనడానికి రుజువని కేన్ నమ్మాడు, లోకాన్ని నమ్మించాడు. మంచు పట్టీని ఒక్కసారి దాటితే ధ్రువం దాకా ఓడలో పోవచ్చన్న ఆశ యూరప్, అమెరికాల్లో పాకిపోయింది.

ఆ నమ్మకంతో 1879లో జార్జ్ డి లాంగ్ జానెట్ అనే ఓడలో బేరింగ్ జలసంధి మీదుగా బయలుదేరాడు. ఓడ మంచులో ఇరుక్కుంది. దాదాపు రెండేళ్లు మంచుతో పాటు కొట్టుకుపోయి, 1881 జూన్‌లో సైబీరియాకు ఉత్తరాన నలిగి మునిగింది. 33 మందిలో 20 మంది ప్రాణాలు పోయాయి. మోర్టన్ చూసింది ధ్రువ సముద్రం కాదు, మంచు నడుమ తెరిచిన కొంత నీరు మాత్రమే.

మూడేళ్లకు, 1884లో, జానెట్ శకలాలు గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో దొరికాయి. సైబీరియా దగ్గర మునిగిన ఓడ వస్తువులు అక్కడికి చేరాయంటే మంచు ఆర్కిటిక్ సముద్రాన్ని అడ్డంగా దాటుతోందన్నమాట. నార్వే శాస్త్రవేత్త ఫ్రిట్యాఫ్ నాన్సెన్ ఆ సంగతి పట్టుకొని, మంచు ఒత్తిడికి నలగకుండా పైకి లేచేలా ఫ్రామ్ అనే ఓడ కట్టించి, 1893లో కావాలని దాన్ని మంచులో ఇరికించాడు. 1896లో ఓడ క్షేమంగా బయటికి వచ్చింది. ఆ ప్రయాణంలో నాన్సెన్ ఒక విషయం గమనించాడు. మంచు గాలి వీచిన వైపు కాకుండా, దానికి కుడి పక్కకు ఒరిగి కదులుతోంది.

దీనికి కారణం భూభ్రమణమని స్వీడన్ శాస్త్రవేత్త వాగ్న్ వాల్‌ఫ్రిడ్ ఎక్‌మన్ 1905లో గణితంతో చూపాడు. ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన పై పొర నీరు మొత్తం మీద గాలికి కుడివైపుకు, దక్షిణార్ధగోళంలో ఎడమవైపుకు ప్రయాణిస్తుంది. సముద్ర విజ్ఞానానికి ఇది పునాదిరాళ్లలో ఒకటి.

ఈ సూత్రానికి విశాఖ తీరంలోనూ పని పడింది. 1952-53లో అమెరికా నేవీ ఎలక్ట్రానిక్స్ లాబొరేటరీకి చెందిన యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. మళ్లీ ఆ దశకం మధ్యలోనూ వచ్చాడు. భారత నౌకాదళపు ఓడల సాయంతో, విద్యార్థులను వెంటబెట్టుకొని బంగాళాఖాతాన్ని కొలిచాడు. వేసవి ముందు నెలల్లో విశాఖ తీరంలో నీరు చల్లబడటం, ఉప్పు పెరగడం ఆ కొలతల్లో తేలింది. నైరుతి నుంచి తీరానికి సమాంతరంగా వీచే గాలి, ఎక్‌మన్ చెప్పినట్టే, పై నీటిని తనకు కుడివైపున ఉన్న నడి సముద్రంలోకి తరలిస్తుంది. ఖాళీ నింపడానికి కింది నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటితో పోషకాలు, పోషకాలతో నాచు, నాచుతో చేప. విశాఖ ఎదుట సముద్రగర్భంలో ఉన్న లోయలకు ఆంధ్రా కాన్యన్ అనీ, భూగర్భ శాస్త్రాచార్యుడు సి. మహాదేవన్ పేరిట మహాదేవన్ కాన్యన్ అనీ పేర్లు పెట్టింది కూడా లాఫాండే. దేశంలో సముద్ర విజ్ఞానం వేళ్లూనిన తొలి చోట్లలో ఒకటిగా ఆంధ్ర విశ్వవిద్యాలయం నిలిచింది.

ఉమ్మడి రాష్ట్రమంత నీరు

1972 డిసెంబరులో నాసా ప్రయోగించిన నింబస్-5 ఉపగ్రహంలో మైక్రోవేవ్ రేడియోమీటర్ ఉంది. ఎండ లేకపోయినా, మేఘాలు కమ్మినా అది మంచుకూ నీటికీ తేడా పట్టగలదు. ధ్రువాల దీర్ఘరాత్రిలో ఏం జరుగుతోందో దానితో చూడగలిగారు. 1974 నుంచి 1976 దాకా మూడు శీతాకాలాలు వరుసగా వెడ్డెల్ సముద్రంలో, తీరానికి దూరంగా, పెద్ద నీటి మైదానం కనిపించింది. దాని విస్తీర్ణం రెండున్నర నుంచి మూడు లక్షల చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం 2,75,045 చదరపు కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా, చిత్తూరు నుంచి ఖమ్మం దాకా ఉన్న నేలంతటికీ సరిపోయే నీరు, నట్టనడి శీతాకాలంలో, మంచు మధ్య తెరిచి ఉంది.

దాని ప్రభావం అడుగు దాకా పోయింది. అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ గోర్డన్ ముందూ వెనుకా కొలతలను పోల్చి చూస్తే, సుమారు మూడు కిలోమీటర్ల లోతు వరకు నీరు చల్లబడినట్టు తేలింది. కిందున్న వేడి ఆ తెరపి గుండా ఆకాశంలోకి పోయింది.

ఆ తర్వాత దశాబ్దాల పాటు అంత పెద్దది మళ్లీ రాలేదు. 2016లో చిన్నగా, 2017 సెప్టెంబరులో బాగా పెద్దగా, మాడ్ రైజ్ అనే సముద్రగర్భ పర్వతం మీద మంచు మళ్లీ విడిపోయింది. సెప్టెంబరు మధ్యలో 9,500 చదరపు కిలోమీటర్లున్న నీరు అక్టోబరు చివరికి సుమారు 80,000కు పెరిగింది. తెలంగాణ విస్తీర్ణంలో ఇది మూడింట రెండు వంతులకు మించి ఉంటుంది. అంటార్కిటికాలో 1989 నుంచి పనిచేస్తున్న మన మైత్రి కేంద్రం నుంచి ఆ చోటు ఏడెనిమిది వందల కిలోమీటర్ల దూరం.

కారణాల కోసం అనేక దేశాల శాస్త్రవేత్తలు పనిచేశారు. ఆ పర్వతం చుట్టూ తిరిగే ప్రవాహం కింది వెచ్చని నీటిని పైకి ఎత్తి ఉంచుతుంది. పై పొర, కింది పొర కలవడానికి అక్కడ కొద్దిపాటి ఊపు చాలు. ఆ ఏడాది వరసగా వచ్చిన తీవ్రమైన తుపానులు ఆ ఊపునిచ్చాయని అమెరికా పరిశోధకులు, తేలియాడే యంత్రాలూ సీళ్లూ అందించిన కొలతలతో 2019లో చూపారు. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రానికి చెందిన బాబుల జెనా, ఎం. రవిచంద్రన్, బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ టర్నర్‌తో కలిసి అదే ఏడాది తమ అధ్యయనం ప్రకటించారు. సముద్రపు సుడులు, గాలుల తీరు, కింది నీరు ఉబకడం కలిసి ఎలా పనిచేశాయో అందులో వివరించారు. రవిచంద్రన్ అంతకుముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో, తేలియాడే కొలత యంత్రాల ఆర్గో కార్యక్రమాన్ని నడిపిన శాస్త్రవేత్త.

అయినా ఒక చిక్కు మిగిలింది. మంచు కరిగితే మంచినీరు పుడుతుంది, అది పైన పొర కట్టి కింది వేడిని ఆపేయాలి. మరి పాలీనియా వారాల తరబడి ఎలా నిలిచింది? 2024లో ఆదిత్య నారాయణన్, సహ పరిశోధకులు దీనికి జవాబు చెప్పారు. పర్వతం అంచుల్లో సుడుల వల్ల ఉప్పు చేరింది. గాలి తోపుకు పక్కకు కదిలే పై నీరు, అంటే ఎక్‌మన్ చెప్పిన ఆ కదలికే, ఆ ఉప్పును పర్వతపు ఉత్తర పార్శ్వం మీదికి తెచ్చింది. ఉప్పు వల్ల పై నీరు బరువెక్కి, కింది నీటితో కలవడం ఆగలేదు. ఫ్రామ్ ఓడ మీద మొదలైన ఆలోచన, విశాఖ తీరంలో చేపల పంటను వివరించిన ఆలోచన, ఇక్కడా చిక్కుముడి విప్పింది.

తెరపి చుట్టూ బతుకులు

శీతాకాలం ముగిసి వెలుతురు తిరిగి రాగానే, మంచు కప్పిన సముద్రం ఇంకా చీకట్లో ఉండగా పాలీనియాల్లో ఎండ నేరుగా నీటిలోకి దిగుతుంది. నాచు ముందుగా పూసేది అక్కడే. దాని వెంట రొయ్యల్లాంటి క్రిల్, చేపలు, పక్షులు, సీళ్లు వస్తాయి. తూర్పు అంటార్కిటికాలోని ఆడెలీ పెంగ్విన్ల కాలనీల్లో 90 శాతానికి పైగా తీరపు పాలీనియాల పక్కనే ఉన్నాయి. పిల్లలను సాకే కాలంలో మేత దగ్గరలో దొరకాలి, సముద్రం తెరిచి ఉండాలి. ఈ రెండూ కుదిరే చోట్లు అవే.

ఉత్తరాన ఇలాంటి వాటిలో పెద్దది, గ్రీన్‌లాండ్‌కూ కెనడాలోని ఎల్స్‌మియర్ దీవికీ మధ్య ఉన్న నార్త్ వాటర్. 1616లో విలియం బాఫిన్ ఆ నీటిలోకి ఓడ నడిపాడు. అక్కడి ఇన్యూట్ ప్రజలు దాన్ని పికియాలసోర్సువాక్ అంటారు. వాల్రస్‌లు, నార్వాల్‌లు, తెల్ల తిమింగలాలు, కోట్ల సంఖ్యలో గూళ్లు కట్టే లిటిల్ ఆక్ పక్షులు, వాటి మీద ఆధారపడి వేల ఏళ్లుగా వేటాడి బతికిన మనుషులు. ఉత్తరాన నేర్స్ జలసంధిలో ఏటా మంచు వంతెనలా బిగుసుకుపోయి, పైనుంచి వచ్చే మంచును ఆపడం వల్ల ఆ నీరు తెరిచి ఉంటుంది. ఈ మధ్య కొన్నేళ్లు ఆ వంతెన సరిగా కట్టడం లేదు, లేదా త్వరగా విరిగిపోతోంది. అక్కడి ఇన్యూట్ నాయకులు ఈ నీటి నిర్వహణ తమ చేతికే ఇవ్వాలని కెనడా, గ్రీన్‌లాండ్ ప్రభుత్వాలను కోరుతున్నారు. మత్స్యకార పల్లెలున్న ఏ తీరానికైనా అర్థమయ్యే కోరిక ఇది.

తెలుగు నేల నుంచి చూపు

పాలీనియాలను నేరుగా వెళ్లి చూసినవారు తక్కువ. వాటి గురించి తెలిసిన దానిలో ఎక్కువ భాగం ఉపగ్రహాల ద్వారా వచ్చింది. అందులో శ్రీహరికోట పాత్ర పెద్దది. 1999 మే 26న అక్కడి నుంచి వెళ్లిన ఓషన్‌శాట్-1లో భారత్ సొంత మైక్రోవేవ్ రేడియోమీటర్ ఉంది. ఆ సమాచారంతో మన శాస్త్రవేత్తలు అంటార్కిటికా సముద్రపు మంచును చిత్రించారు. 2016 సెప్టెంబరు 26న వెళ్లిన స్కాట్‌శాట్-1 ధ్రువ సముద్రాల మంచును గుర్తించడానికి పనికొచ్చింది.

ధ్రువ కక్ష్యలో తిరిగే ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ ధ్రువాల సమీపం నుంచి పోతుంది. కాబట్టి అంటార్కిటికాలో గ్రాహక కేంద్రం ఉంటే రోజులో ఎక్కువసార్లు సమాచారం దించుకోవచ్చు. 2013లో ఇస్రో భారతి దగ్గర అలాంటి కేంద్రం నెలకొల్పింది. అక్కడ అందిన సమాచారం హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్‌లో ఉన్న జాతీయ దూరసంవేదన కేంద్రానికి వస్తుంది.

నీటి లోపలి సంగతులు చెప్పేవి ఆర్గో ఫ్లోట్లు. పది రోజులకోసారి రెండు కిలోమీటర్ల లోతు నుంచి పైకి తేలుతూ ఉష్ణోగ్రత, ఉప్పు కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. పైన మంచు ఉందని పసిగడితే కొన్ని తేలకుండా ఆగి, తెరిచిన నీరు దొరికే దాకా లెక్కలు దాచుకుంటాయి. 2002 నుంచి ఈ ఫ్లోట్లను వదులుతున్న భారత్ తరఫున హిందూ మహాసముద్రపు ఆర్గో సమాచార కేంద్రంగా హైదరాబాద్ ఇన్‌కాయిస్ పనిచేస్తోంది. అదే నగరంలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మైత్రిలో భూకంప పరిశీలన కేంద్రాన్ని నడుపుతోంది. 1983-84లో మూడో భారత అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించి దక్షిణ గంగోత్రి కేంద్రాన్ని కట్టించిన హర్ష్ గుప్తా తర్వాత ఆ సంస్థకే డైరెక్టరయ్యారు.

అగాధంలో మార్పు

2023 సెప్టెంబరులో అంటార్కిటికా సముద్రపు మంచు తన శీతాకాలపు గరిష్ఠానికి చేరినప్పుడు దాని విస్తీర్ణం 1.696 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఉపగ్రహ యుగంలో శీతాకాలపు గరిష్ఠం అంత తక్కువగా ఎన్నడూ లేదు. అంతకు ముందున్న 1986 నాటి కనిష్ఠ రికార్డు కన్నా అది పది లక్షల చదరపు కిలోమీటర్లు తక్కువ.

మంచు తగ్గితే తెరిచిన నీరు పెరుగుతుంది, పాలీనియాలకు మేలే కదా అనిపించవచ్చు. అడుగు నీటి విషయంలో లెక్క వేరు. దానికి కావలసింది గడ్డకట్టే చలి, ఎడతెగని మంచు ఉత్పత్తి, ఉప్పు. ఖండం మీది మంచు కరిగి తీరపు నీటిలో మంచినీరు కలిస్తే ఎంత గడ్డకట్టినా నీరు తగినంత బరువెక్కదు. కర్బన ఉద్గారాలు ఇలాగే అధికంగా సాగితే, 2050 నాటికి అంటార్కిటికా అగాధ జలాల ప్రవాహం 40 శాతానికి పైగా మందగించవచ్చని ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న శాస్త్రవేత్తలు 2023లో నేచర్ పత్రికలో లెక్కగట్టారు. ఆ ప్రవాహం తగ్గితే లోతుల్లోకి ప్రాణవాయువు చేరడం తగ్గుతుంది, అడుగు నీరు వేడెక్కుతుంది. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, సముద్రమట్టం పెరగడంలో దానికీ వాటా ఉంటుంది. భీమిలి నుంచి ఉప్పాడ దాకా కోతకు గురవుతున్న తీరానికి ఇది పరాయి సంగతి కాదు.

బంగాళాఖాతం అడుగు నీరు ఎప్పుడు, ఎంత మారుతుందో తెలియాలంటే అక్కడ దశాబ్దాల పాటు ఆగకుండా కొలవాలి. మామూలు ఆర్గో ఫ్లోట్లు రెండు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. అగాధం దాకా దిగే డీప్ ఆర్గో ఫ్లోట్లు ఇంకా కొద్దిగానే ఉన్నాయి. అద్దె ఓడల మీద అంటార్కిటికాకు వెళ్లిన భారత్, సొంత ధ్రువ పరిశోధన నౌక కట్టుకునే దిశగా అడుగు వేసింది. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్, నార్వే సంస్థ కాంగ్స్‌బర్గ్ 2025 జూన్‌లో దీనికోసం ఒప్పందం కుదుర్చుకున్నాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహపు రాడార్ తన కక్ష్యకు ఎడమవైపు చూసేలా అమర్చారు, అంటార్కిటికా లోతట్టు దాకా అందాలనే. పన్నెండు రోజులకోసారి అదే దారికి తిరిగి వచ్చే ఆ ఉపగ్రహం, మంచు ఎటు కదులుతోందో, ఏ తీరంలో విరుగుతోందో నమోదు చేయగలదు. ఆ చిత్రాలను సముద్రగర్భపు కొలతలతో జతచేసి చదివే పరిశోధకులు కావాలి. దశాబ్దాలుగా సముద్ర విజ్ఞానం బోధిస్తున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, హిందుస్థాన్ షిప్‌యార్డ్, తూర్పు నౌకాదళం ఉన్న విశాఖకు ఆ పనిలో ముందు వరుసలో నిలబడే అర్హత, అవసరం రెండూ ఉన్నాయి.